పొయ్యి లేదని రాసిన కాగితం

మా అరకులో ఒకసారి మోకాలి లోతు మంచు పడిందని నేను చెబుతుంటాను. రైల్లో చెప్పాను, పెళ్లిళ్లలో చెప్పాను, విశాఖపట్నంలో కళ్ల డాక్టరు మందు వేసి కాసేపు కదలకుండా కూర్చోమన్నప్పుడు పక్క కుర్చీ ఆయనకి చెప్పాను. పలుగుతో మంచు తవ్వి తలుపు తెరిచాననీ, బావిలో చేద వేస్తే టంగుమని మోగిందనీ కూడా కలిపాను. ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను గనక నిజం రాస్తాను. ఒక జనవరి తెల్లవారుజామున, నూనెగింజల వలిసె చేలు కోసేసిన మళ్లలో మోళ్ల మీద ఉప్పు చల్లినట్టు తెల్లగా పేరుకుంది. ఎండ పొడ తగలగానే పోయింది. మోకాలి మాట మాత్రం అబద్ధం కాదు. చీమ మోకాలు.

ఇలాంటి కోతలు నోటితో కోసినంత కాలం ఎవరికీ ఏమీ కాలేదు. ఒక్కసారి వాటిని బీమా కంపెనీ దరఖాస్తులో రాశాను. దాంతో ఒక ముసలమ్మ పొయ్యి ఆరిపోయేంత పని అయింది.

ముందు ఇంటి సంగతి చెప్పాలి. దానికీ రెండు చరిత్రలున్నాయి. అద్దెకి వచ్చేవాళ్లకి చెప్పేది: వేటకొచ్చిన తెల్లదొర కట్టించాడు, దూలాలు బర్మా టేకు, గోడలో దొరగారి తుపాకీ దాచుకునే అర ఉంది. అసలుది: కొండల మీదుగా రైలు పట్టాలు వేసే రోజుల్లో ఒక కంట్రాక్టరు సిమెంటు బస్తాలు తడవకుండా మా నాన్న జాగాలో కట్టుకున్న గిడ్డంగి అది. పని అయ్యాక జాగా అద్దె కింద దాన్ని మాకే వదిలేసి పోయాడు. తుపాకీ అర అన్నది ఇటుక చాలక మేస్త్రీ పూడ్చకుండా వదిలేసిన కన్నం. ముందు భాగం బెంగుళూరు పెంకు. వెనక భాగం మేం తర్వాత కలుపుకున్నది, వెదురు వాసాలు, గడ్డి కప్పు. గూడ్సు గుమాస్తాగా రిటైరయ్యాక నేను ముందు భాగంలో ఉంటూ వెనక భాగం అద్దెకిచ్చేవాణ్ణి. మధ్యలో ఒక గోడ, గోడకి ఒక తలుపు.

తొంభైల చివర్లో ఆ వెనక భాగంలోకి ఒక నర్సమ్మ వచ్చింది. ముంచింగిపుట్టు వైపు కొండ ఊరి పిల్ల. టీకాల డబ్బా భుజాన వేసుకుని ఊరూరూ నడిచి తిరిగే ఉద్యోగం. తండ్రి పోయాక తల్లిని కూడా తన దగ్గరికి తెచ్చుకుంది. తల్లి ఒంటరిగా రాలేదు. మూడు పొయ్యి రాళ్లు, ఆనపకాయ బుర్రల నిండా విత్తనాలు, కుండలో బూడిద కప్పిన నిప్పు, అన్నీ జీపెక్కించి తెచ్చింది. కుండలో ఉన్నది నిప్పని జీపు దిగాక గానీ డ్రైవరుకి చెప్పలేదు. అతను ఆ మాట విని రోడ్డు మీదే కూలబడ్డాడు.

ఆమె గది నడిమధ్య మూడు రాళ్లు పాతింది. పైన మనిషెత్తున వెదురు అటక కట్టించి బుర్రలన్నీ దాని మీద పేర్చింది. మైదానం వాళ్లు రాగులనే చోళ్లు, సామలు, కందులు, గుమ్మడి గింజలు. అటక కింద మొక్కజొన్న కంకులు గుత్తులుగా వేలాడదీసింది. వాటికి పగలూ రాత్రీ సన్నగా పొగ తగులుతుండాలి. పొగ తగిలిన గింజకి పురుగు పట్టదు. వాళ్ల కొండ ఊళ్లో తరాలుగా వాళ్ల ఇంటిదే ఆ పని. ఎవరి విత్తనం పుచ్చిపోయినా ఆమె అటక మీద ఊరి విత్తనం ఉంటుంది. చైత్రంలో వచ్చే మా కొండల ఇటుకల పండగకి ముందు ఊరివాళ్లు నలుగురైదుగురు దిగి వచ్చి, బుర్రలు దించుకుని, విత్తనాల పూజకి పట్టుకెళ్లేవారు.

మా ఇంట్లోనూ మా అమ్మకి అలాంటి పొయ్యే ఉండేది. రైల్వే ఉద్యోగం వచ్చాక దాన్ని మోటు అని ఆర్పించింది నేనే. అందుకని నేను ఈవిడ మంట దగ్గర కూర్చోవడానికి వెళ్లేవాణ్ణని ఒప్పుకోవడం నామోషీ. ఇంటి యజమానిగా తనిఖీకి వెళ్లేవాణ్ణి. చలికాలంలో తనిఖీ పొద్దున్న ఆరింటికి మొదలై, చోడి అంబలి తాగి, వీపు కూడా కాచుకున్నాక ఎనిమిదింటికి ముగిసేది. ఒడియా కలిసిన మా వైపు మాటలో ఆమె నన్ను "దాదా" అనేది, అంటే అన్న. దాంతో నర్సమ్మకి నేను మావయ్యనయ్యాను.

ఒక ఫిబ్రవరి మధ్యాహ్నం సంత దగ్గర గడ్డి దుకాణాలు వరసగా అంటుకున్నాయి. మనుషులకేమీ కాలేదు. నేను పదిమందిని భుజాన వేసుకుని బయటికి తెచ్చానని సాలూరు చుట్టాలకి చెప్పాను. నిజానికి ఒక మేక తాడు విప్పాను. అది నన్ను పొడిచి పోయింది. కానీ గడ్డి కప్పు ఎంత బేగి బూడిదవుతుందో ఆ రోజు కళ్లారా చూశాను. ఇంటికొచ్చి మా వెనక కప్పు వంక, దాని కింద మంట వంక మార్చి మార్చి చూశాను. పాత ఇల్లు. అదీ పోతే నాకు మిగిలేది దొర కథ ఒక్కటే.

అందుకని బీమా ఏజెంటుని పిలిచాను. అతను కప్పు చూసి, పొయ్యి చూసి, తల అడ్డంగా ఊపాడు. "గడ్డి కింద కట్టెల పొయ్యి అంటే పైవాళ్లు కాగితం ముట్టుకోరండి. పొయ్యి తీయించండి" అన్నాడు.

ఆ సాయంత్రం మంట దగ్గర మెల్లగా కదిపాను. "సెల్లీ, పొయ్యి పెరట్లోకి మారిస్తే ఎలాగుంటాది?"

ఆమె కట్టె ఎగదోస్తూ, "పొయ్యి బయటికెళితే నానూ బయటికే దాదా. ఊరెల్లిపోతాను" అంది. కోపంగా కాదు, వాన వస్తుందేమో అన్నట్టు. "ఇత్తనం నాది కాదు. ఊరిది. పొగ నేకపోతే ఏటి మొలుస్తాది?"

నర్సమ్మ అన్నం తింటున్నదల్లా ఆగిపోయింది. రోజంతా కొండలెక్కి దిగి వచ్చే పిల్లకి, తలుపు తీసేసరికి తల్లి ఉండటం ఎంత పెద్ద సంగతో నాకు తెలుసు. నా వంక చూసి, "మావయ్యా, ఇంకో దారి లేదా?" అంది.

దారి నా దగ్గరే ఉంది. కలం. దరఖాస్తు ముందేసుకుని కూర్చున్నాను. ఇంట్లో కట్టెల పొయ్యి ఉందా? లేదు. వంట దేని మీద? కిరోసిన్ స్టవ్ మీద. దూలాలు? బర్మా టేకు. వాతావరణం వల్ల ప్రమాదాలు ఏమైనా ఉన్నాయా? ఇక్కడ నాకు హుషారొచ్చింది. చలికాలంలో మోకాలి లోతు మంచు, కప్పు కుంగును, పెంకులు పగులును అని గొలుసుకట్టు రాతలో రాశాను. అంత ప్రమాదంలో ఉన్న ఇంటిని చూసి జాలిపడి పాలసీ ఇచ్చేస్తారనుకున్నాను. బీమా వాళ్లు జాలికి పాలసీలివ్వరని నాకెవరు చెప్పారు?

వాళ్లు ఉత్తరం రాశారు. ఇల్లు చూడటానికి ఆఫీసరు వస్తున్నాడు, ఫలానా డిసెంబరు రోజున, పొద్దుటి రైల్లో.

మేం ముగ్గురం ఆలోచించాం. ముగ్గురం అంటే నేను ఆలోచించాను, వాళ్లిద్దరూ భయపడ్డారు. రైలు పదకొండుకి వస్తుంది, సాయంత్రం తిరుగు రైలుకి ఆయన పోతాడు. అంతసేపూ పొయ్యి కనపడకపోతే చాలు. నిప్పు పూర్తిగా ఆరడానికి ఆమె ఒప్పుకోలేదు. అది అత్తగారి నాటి నిప్పు. సరే, కుండలోకి తీసి ఎదురింటి పాస్టరమ్మ గారి వంటింట్లో పెడదామన్నాను. పాస్టరమ్మ గారు తలుపు దగ్గరే నిలబడి, "మీ దేవతకి కోపం రాదు కదా అప్పా?" అని ముసలమ్మని అడిగారు. మా వైపు అప్ప అంటే అక్క.

"నీ పొయ్యిల ఉంటే నీ బియ్యమే ఉడుకుతాది తల్లీ. దేవతకేటి?" అంది ఈమె.

ఆ నిప్పు కుండ రోడ్డు దాటించింది నేనేనని చాలామందికి చెప్పాను. మోసింది ఆమె. నేను ముందు నడుస్తూ కుక్కల్ని అదిలించాను.

తర్వాత మూడు రాళ్ల మీద నా ఇనప ట్రంకు పెట్టెని బోర్లించి, దాని మీద నర్సమ్మ పూల దుప్పటి పరిచి, గాజు గ్లాసులో బంతిపూలు పెట్టాను. పక్కనే స్టేషన్ క్వార్టర్సు నుంచి అరువు తెచ్చిన కిరోసిన్ స్టవ్, తళతళా తోమి. అటక మీది బుర్రల సంగతి అడిగితే అలంకారం అని చెప్పాలని తీర్మానించాం.

నేను స్టేషన్ కి వెళ్లాను. పొద్దుటి నుంచీ సన్నగా ముసురు. రైలు దిగిన ఆఫీసర్ని గుర్తుపట్టడానికి కష్టమేమీ కలగలేదు. కళ్లద్దాలు, మంకీ టోపీ, ఒకదాని మీద ఒకటి మూడు స్వెట్టర్లు, మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు. బూట్లు ఓడలో పనిచేసే బావమరిదివట, మంచు మాట చదివి అడిగి తెచ్చుకున్నాడట. ప్లాట్‌ఫారం మీద నిలబడి అటూ ఇటూ చూశాడు. పచ్చటి కొండలు, తడిసిన మేకలు.

"మంచు ఎక్కడండీ?"

"నిన్ననే కరిగిపోయింది సార్."

"మోకాలి లోతు ఒక్క రోజులోనా?"

"అది పై ఊళ్లలో సార్. ఇక్కడ కొంచెం తక్కువ."

స్టేషన్ కీ మా ఇంటికీ మధ్య ఒక చిన్న గెడ్డ ఉంది. రాళ్ల మీద అడుగులేసుకుంటూ దాటాలి. మామూలు చెప్పులైతే చిన్నపిల్లలు కూడా దాటేస్తారు. ఓడ బూట్లు పాచి రాయి మీద జారాయి. ఆఫీసరు నడుం దాకా దిగిపోయాడు. పైకి లాగేసరికి ఒక్కో బూటులో బిందెడు నీళ్లు, డిసెంబరు నీళ్లు. నా మంచు ఆ విధంగా ఆయన మోకాళ్ల దాకా నిజంగానే వచ్చింది.

అయినా మంచి ఉద్యోగి. వణుకుతూనే ముందు భాగమంతా చూశాడు. జేబులోంచి చిన్న చాకు తీసి దూలానికి గుచ్చాడు. అది సబ్బులో దిగినట్టు పిడి దాకా దిగింది. పసుపు రంగు పిండి జలజలా రాలి ఆయన కళ్లద్దాల మీద పడింది.

"ఇదేనా బర్మా టేకు?"

"బర్మాలో మాత్రం పురుగులుండవా సార్?"

ఆయన నవ్వలేదు. మధ్య తలుపు తోసుకుని వెనక భాగంలోకి వెళ్లాడు. మొదట స్టవ్ వంక చూశాడు. "గడ్డి కప్పు కింద కిరోసినా? ఇది పేలిందంటే మీకు తలుపు దాకా పరిగెత్తే టైముండదు. కొండ మీది ఇళ్లలో ఇంతకంటే బుద్ధిగా వండుకుంటారు" అన్నాడు. అనడానికే చాలా సేపు పట్టింది, పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. పెదాలు నేరేడు పండు రంగుకి తిరిగాయి.

నర్సమ్మ ఆయన చెయ్యి పట్టుకుని చూసింది. "మావయ్యా, ఈ చలి మంచిది కాదు. ఆ బూట్లు తీయండి, పొడి బట్టలివ్వండి. ముందు వెచ్చగా ఏదైనా ఉండాలి."

వెచ్చగా ఉండేది ఎదురింట్లో ఉంది. నేను నర్సమ్మ వంక చూశాను, నర్సమ్మ తల్లి వంక చూసింది. ఆఫీసరు ట్రంకు పెట్టె మీద, సరిగ్గా బంతిపూల పక్కన కూర్చుని, "ఒక్క కుంపటి కూడా లేదాండీ ఈ ఊళ్లో?" అని దీనంగా అడిగాడు.

ముసలమ్మ నా వైపు తిరిగింది. "ఏటి దాదా సూత్తన్నావు? మడిసి బిగుసుకుపోతన్నాడు!"

"కాయితం సెల్లీ..." అని గొణిగాను.

"నీ కాయితం కప్పుతావేటి ఈ బాబుకి?" అని కొంగు బిగించి రోడ్డు మీదికి పరిగెత్తింది. తన పొయ్యి బయటపడితే ఏమవుతుందో నాకంటే ఆమెకే బాగా తెలుసు. నేను ఇంకా ఏదో అబద్ధం వెతుక్కుంటూనే ఉన్నాను, ఆమె కుండతో తిరిగొచ్చేసింది. "లెగు బాబూ, నువ్వు పొయ్యి మీదే కూకున్నావు" అంది.

ఆఫీసరు లేచాడు. ఆమె పెట్టె పక్కకి నెట్టి, రాళ్ల మధ్య నిప్పు దులిపి, చితుకులేసి ఊదింది. రెండు నిమిషాల్లో మంట లేచింది. ఆయన నా లుంగీ కట్టుకుని, కంబళి కప్పుకుని, పాదాలు మంటకి ఆనించినంత దగ్గరగా పెట్టి కూర్చున్నాడు. అంబలి తాగాడు. ఇంకో గిన్నె తాగాడు. ముఖంలోకి రంగొచ్చాక సంచీలోంచి నా దరఖాస్తు తీసి మంట వెలుగులో చదివాడు.

"ఇంట్లో కట్టెల పొయ్యి ఉందా అన్న దగ్గర ఏం రాశారండీ?"

"ఏటి రాసినావు దాదా?" అంది ముసలమ్మ కూడా.

"లేదని రాశాను."

"నేదా! మరి రోజూ పొద్దున్నే నువ్వు వొచ్చి కూకునేది ఏటి మీద?"

మొదట నవ్వింది నర్సమ్మ. తర్వాత ఆఫీసరు. నేను అన్నీ ఒప్పుకున్నాను. స్టవ్ అరువుదనీ, టేకు మద్దికర్ర అనీ, దొర సిమెంటు కంట్రాక్టరనీ, మంచు ఉప్పు చల్లినంతేననీ. ఒకసారి మొదలుపెడితే ఒప్పుకోవడంలోనూ నాకు అదుపుండదు. అడక్కుండానే మేక సంగతి కూడా చెప్పేశాను.

"పెద్దాయనా, ఒక మాట చెబుతాను" అన్నాడు ఆయన. "ఇలా రాసి పాలసీ తీసుకుంటే ఇల్లు కాలే దాకా మీరు హాయిగా నిద్రపోవచ్చు. కాలాక మేం వచ్చి మొదట వెతికేది పొయ్యినే. మూడు రాళ్లు మంటకి కాలిపోవుగా. అవి కనిపించాయా, మీ పాలసీ చిత్తుకాగితం. ఇక మంచు అంటారా, గాలివానకి ఉంది, వరదకి ఉంది, చలికి మా దగ్గర గడే లేదు. ఆ నాలుగు లైన్లూ వృథా."

"అయితే పొయ్యి తీసేయమంటారా?" అని అడిగింది నర్సమ్మ. తల్లి మంట వంకే చూస్తోంది.

ఆయన లేచి చాకుతో పొయ్యి పైనున్న వెదురు వాసాన్ని గుచ్చాడు. దిగలేదు. ఇంకోటి గుచ్చాడు. మొన వంగింది. పొగ పట్టి వాసాలు నల్లగా, నూనె రాసినట్టు మెరుస్తున్నాయి, ఎక్కడా ఒక్క పురుగు కన్నం లేదు. అటక అడుగున మెత్తిన బంకమట్టిని తడిమి చూశాడు. గుమ్మం పక్క నీళ్ల కుండ, మూలన పొడుగాటి కొక్కెం కర్ర చూసి అదేమిటన్నాడు.

"గడ్డి అంటుకుంటే లాగి కింద పడేయడానికి బాబూ" అంది ముసలమ్మ. "నిప్పుతో ఉండేవోళ్లకి నిప్పంటే బయం ఉండాల కదా."

"ఇవన్నీ ఎందుకు రాయలేదండీ?" అని నా మీద విసుక్కున్నాడు.

నిప్పే లేదని రాసినవాడు నిప్పు ఆర్పే కుండ ఉందని ఎలా రాస్తాడు?

"గడ్డికి మాత్రం నేను రాయలేను. గడ్డి తీసి పెంకు వేయించండి. పొయ్యి ఉందని ఉన్నదున్నట్టు రాద్దాం. ఏటా కట్టే ప్రీమియం కొంచెం పెరుగుతుంది. పైవాళ్లు ఒప్పుకుంటారని మాటివ్వలేను గానీ, నేను చూసింది నేను రాస్తాను" అన్నాడు.

ముసలమ్మ కాసేపు కప్పు వంక చూసింది. "పెంకు సందుల్లోంచి పొగ పోతాది. పోనీ, ఇంకో కట్టె ఎక్కువేత్తాను. అటక మాత్రం ఎవులూ కదపకండి."

కొత్త దరఖాస్తు ఆ మంట దగ్గరే నింపాం. నేను కలం తీయబోతే నర్సమ్మ చేతిలోంచి లాక్కుంది. "మావయ్యా, మీరు చెప్పండి చాలు. రాసేది నేను." నేను గోడల వయసు చెబితే ముసలమ్మ తగ్గించింది. కప్పు ఎత్తు చెబితే ఆఫీసరు తగ్గించాడు. చివర్న మంటను ఎవరు కనిపెట్టుకుని ఉంటారు అనే దగ్గర నర్సమ్మ "మా అమ్మ" అని రాసింది.

"దాదా పేరూ రాయే గుంటా" అంది తల్లి. "పొద్దున పూట గెంటినా కదలడు."

రాసింది. ఆ దరఖాస్తులో నా గురించి ఉన్న ఒకే ఒక్క వాక్యం అది, నేను చెప్పనిదీ, పూర్తిగా నిజమైనదీ.

గడ్డి తీసి పెంకు వేయించాం. పాత వాసాలు తీసేద్దామని వచ్చిన మేస్త్రీ గొడ్డలి దెబ్బ వేసి చూసి, మధ్యలో రెండు దుంగలు కలిపి వాటినే ఉంచేశాడు. ముందు భాగం దూలాలు మాత్రం మార్చాల్సి వచ్చింది. ముసలమ్మ ఒక పెద్ద బుట్ట అటక కింద తెచ్చి పెట్టుకుంది. కంపెనీ వద్దంటే బుర్రలు సర్దుకోవడానికని నర్సమ్మ చెప్పింది. ఆ బుట్ట రెండు నెలలు అక్కడే ఉంది. పొద్దున్నే తనిఖీకి వెళ్లినప్పుడు నేను దానికి కాలు తగలకుండా చుట్టూ తిరిగి వెళ్లేవాణ్ణి.

కంపెనీ వద్దంటే ఆ కాగితం చింపేసి పొయ్యే ఉంచేద్దామని అప్పటికే నిశ్చయించుకున్నానని ఇన్నేళ్లుగా చెబుతున్నాను. అదీ కోతే. కవరు వచ్చినప్పుడు నాకు ఇంకా ఏదీ తేలలేదు. విప్పకుండా మంట దగ్గర చేతులు కాచుకుంటూ కూర్చున్నాను. చలి అన్నాను. అప్పటికి మార్చి నెల.

ఒప్పుకున్నారు. నీళ్లూ ఇసుకా ఎప్పుడూ దగ్గరుండాలి, మంట దగ్గర ఎవరో ఒకరు పెద్దవాళ్లుండాలి, కిరోసిన్ స్టవ్ ఉండకూడదు. నేను ఉత్తరం గట్టిగా చదివాను. ముసలమ్మ విని, బుట్ట తీసుకెళ్లి కోళ్లకి గూడుగా బోర్లించింది. పది రోజులకి ఊరివాళ్లు దిగి వచ్చి, పెంకుల కప్పు చూసి నొసలు చిట్లించి, బుర్రలు దించి గింజలు అరచేతిలో పోసుకుని పళ్లతో కొరికి చూసుకున్నారు. ఏమీ మాట్లాడకుండా మూటలు కట్టుకున్నారు. అది మెచ్చుకోలు.

ఆ పాలసీని తర్వాత చాలా ఏళ్లు, రెండువేలు దాటాక కూడా, ఏటా తిరగరాయించాను. ఒక్కసారీ దాంతో పని పడలేదు. షరతులు మాత్రం నిష్ఠగా పాటించాను. ముఖ్యంగా మంట దగ్గర పెద్దవాళ్లుండాలన్నది. చలికాలమంతా పొద్దున్న ఆరింటికే హాజరు. ఒక రోజు మగత కమ్మి తూగుతుంటే ముసలమ్మ కట్టెతో నా మోకాలి మీద తట్టింది.

"లెగు దాదా, ఆ దుంగ ఇటు తొయ్యి. కంపెనీవోళ్లు సూత్తే ఏటనుకుంటారు?"